ముందున్నవాడు చీల్చిన గాలి

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కే మనిషి సెకనుకు దాదాపు 5 కిలోల గాలిని తన దారిలోంచి పక్కకు నెట్టుకుంటూ పోతాడు. లెక్క తేలికే. హ్యాండిల్ మీదికి వంగిన మనిషి, కింద సైకిలు కలిసి గాలికి అడ్డు నిలిచే మేర సుమారు అర చదరపు మీటరు. 30 కి.మీ. వేగమంటే సెకనుకు 8.3 మీటర్లు. రెండింటినీ గుణిస్తే సెకనుకు నాలుగు ఘనపు మీటర్ల పైచిలుకు గాలి వస్తుంది. ఘనపు మీటరు గాలి 1.2 కిలోల దాకా తూగుతుంది. నిమిషం గడిచేసరికి 300 కిలోలు, అంటే మూడు క్వింటాళ్ల బియ్యం బరువు! గాలికి బరువేముంది అనుకుంటూ బతికేస్తాం గానీ, సైకిలెక్కి కాస్త వేగం పెంచితే ఆ బరువేమిటో తొడలకు తెలుస్తుంది.

చంద్రపూర్‌లో తెల్లవారుజామున సైకిళ్లతో బయల్దేరే మిత్రబృందాలు ప్రతిసారీ తలపడేది ముఖ్యంగా ఈ గాలితోనే. గోండు రాజుల కోటగోడ ఇంకా ఊరిని చుట్టుకునే ఉంది. జట్‌పురా గేటు దగ్గర కలుసుకుని, వీధిదీపాలు ఆరకముందే ఏదో ఒక రోడ్డు పట్టుకుంటారు. దక్షిణంగా బల్లార్‌పూర్ మీదుగా వార్ధా నది దాటితే రాజురా. అక్కడి నుంచి అదే రోడ్డు ఆసిఫాబాద్ వైపు, తెలంగాణలోకి దిగుతుంది. ఉత్తరంగా పోతే తాడోబా అడవి. పడమరకు పోతే ఘుగ్గూస్ బొగ్గు గనులు. ఈ మూడు దిక్కుల్లోనూ గాలి ఒక్కలా ఉండదు. ఎన్నింటికి బయల్దేరాలి, ఎటు పోవాలి, ఎవరి వెనక ఎవరు తొక్కాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు గాలి దగ్గరే ఉంది. అందుకే ఈ అధ్యాయం కండరాల గురించి తక్కువ, గాలి గురించి ఎక్కువ మాట్లాడుతుంది.

చదును రోడ్డు మీద సైకిలుకు రెండే శత్రువులు. టైరు రోడ్డును నొక్కుతూ దొర్లడంలో పోయే శక్తి ఒకటి, గాలి నిరోధం రెండోది. మొదటిది వేగంతో పెద్దగా మారదు. రెండోది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ నిరోధానికి ఎదురు తొక్కడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలనుకుని మామూలు రోడ్డు సైకిలుకు లెక్క కడితే, గంటకు 20 కి.మీ. దగ్గర 60 వాట్లు చాలు. కబుర్లు చెప్పుకుంటూ తొక్కేయొచ్చు. 30 దగ్గర దాదాపు 157 వాట్లు కావాలి, అందులో నాలుగింట మూడు వంతుల కన్నా ఎక్కువ గాలికే పోతుంది. 40 చేరాలంటే 330 వాట్లు దాటాలి. వేగం రెండింతలైతే శ్రమ ఐదున్నర రెట్లకు పైగా పెరిగిందన్నమాట. బాగా సాధన చేసినవాళ్లు తప్ప గంటసేపు నిలబెట్టలేని శక్తి అది. ఒంటరిగా తొక్కే మామూలు మనిషి వేగం 25, 28 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోవడం అతని బద్ధకం కాదు, ఘనాల లెక్క.

గుంపు ఆ గోడను కాస్త ముందుకు జరుపుతుంది. ముందున్న రైడరు చీల్చిన గాలి అతని వీపు వెనక వెంటనే కలుసుకోలేదు. అక్కడ ఒత్తిడి తగ్గి, సుడులు తిరుగుతూ, అతనితోపాటే కొంత ముందుకు సాగే గాలి మిగులుతుంది. రెండో రైడరు తన ముందుచక్రాన్ని ఆ చోటులోకి తెచ్చిపెడితే అతనికి ఎదురయ్యే గాలి నిరోధం మూడో వంతు దాకా తగ్గుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. పై లెక్కలో 30 కి.మీ. దగ్గర 157 వాట్లు పెట్టాల్సినవాడు 120తో గట్టెక్కుతాడు. వెనకవాడు ముందువాడి శ్రమను దొంగిలిస్తున్నాడని కొత్తవాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. ముందువాడికీ రెండు మూడు శాతం లాభముంటుంది, ఎందుకంటే వెనకవాడి రాకతో ఆ తక్కువ ఒత్తిడి చోటు కొంత పూడి, ముందువాడిని వెనక్కు లాగే బలం తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపు నమూనాను కంప్యూటర్‌లోనూ గాలిసొరంగంలోనూ పరీక్షించింది. గుంపు నడిమధ్యలో, వెనకభాగంలో తొక్కేవాళ్ల మీద పడే గాలి నిరోధం ఒంటరి రైడరు మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేలింది. టూర్ ద ఫ్రాన్స్‌లో అంత పెద్ద గుంపులు గంటకు 45, 50 కి.మీ. వేగంతో గంటల తరబడి ఎలా పోగలుగుతాయో ఆ సంఖ్య చెబుతుంది.

ఐదారుగురి గుంపుకి అంత లాభం రాదు. అయినా మనుషుల ఆకారాలు తెలిసిన గుంపు దాన్ని బాగా వాడుకుంటుంది. భుజాలు వెడల్పైన మనిషి వెనక చోటు పెద్దది, సన్నటి మనిషి వెనక చిన్నది. గుంపులో అందరికన్నా చిన్న ఒడ్డు ఉన్న అమ్మాయి ముందుంటే వెనకున్న ఆరడుగుల మనిషికి దక్కేది తక్కువే. ఆమె అతని వెనకుంటే మాత్రం ఆమెకు దక్కేది చాలా ఎక్కువ. అందుకని ముందుండి తొక్కే వంతుల నిడివి అందరికీ సమానంగా ఉండాలన్న పట్టుదల నాకు సబబుగా అనిపించదు. బలమున్నవాళ్లు ఎక్కువసేపు ముందుండి, అలసినవాళ్లు తమ వంతు రాగానే పది తొక్కుళ్లు తొక్కి పక్కకు తప్పుకున్నా, గుంపు మొత్తంగా వేగంగానే ఇల్లు చేరుతుంది.

గాలి ఆశ్రయం ఎంతదాకా పోగలదో చూపించిన సాహసాలు రెండున్నాయి. అమెరికాలో చార్లెస్ మర్ఫీ అనే రైడరు 1899 జూన్ 30న లాంగ్ ఐలాండ్‌లో రైలుపెట్టె వెనక, పట్టాల మధ్య పరిచిన చెక్కల దారి మీద సైకిలు తొక్కి, మైలు దూరాన్ని 57.8 సెకన్లలో దాటాడు. మనిషి తన కాళ్లతో మైలు దూరాన్ని నిమిషంలోపు దాటడం అప్పటికి నమ్మలేని సంగతి. 2018 సెప్టెంబరులో డెనీస్ ముల్లర్ కోరెనెక్ అనే రైడరు అమెరికాలోనే బాన్‌విల్ ఉప్పు మైదానంలో, వెనక పెద్ద గాలికవచం అమర్చిన పందెం కారు నీడలో గంటకు 296 కి.మీ. వేగం అందుకుంది. ఇద్దరికీ కాళ్లు మామూలు మనిషివే. వాళ్ల ఎదుట గాలి లేదు, అంతే.

ఈ కథలు చెప్పడానికి భయం కూడా ఉంది. చంద్రపూర్ చుట్టుపక్కల రోడ్ల మీద బొగ్గు లారీలు, సిమెంటు లారీలు బారులు తీరి పోతుంటాయి. లారీ వెనక దూరితే సైకిలు తేలిగ్గా పరుగెత్తుతుందని కుర్రవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. లారీ వెనకచక్రాల బ్రేకు పడిందంటే వెనకున్నవాడికి మిగిలే దూరం చాలదు. రోడ్డు మీది గుంత కనబడదు. పైగా టార్పాలిన్ చిరుగుల్లోంచి రాలే పొడంతా ముఖానికే. లారీ మనల్ని దాటేటప్పుడు జరిగేది ఇంకొకటి. దాని ముక్కు దగ్గర ఒత్తిడి ఎక్కువ, పక్కల తక్కువ. ముందు బయటికి నెట్టి, మరుక్షణం లోపలికి లాగుతుంది. ఆ నెట్టుడుకి ఎదురుగా మనం లారీ వైపు ఒరిగి ఉంటాం, సరిగ్గా అప్పుడే లాగుడు మొదలవుతుంది. మోచేతులు బిగించి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నవాడు ఊగిపోతాడు. మోచేతులు సడలించి, చూపు దూరంగా నిలిపినవాడు నిలబడతాడు.

మనుషుల వెనక తొక్కడంలోనూ దగ్గరతనానికి వెల ఉంది. 30 కి.మీ. వేగం మీద అరసెకనులో 4 మీటర్లు పోతాం. కన్ను చూసి, మెదడు తేల్చుకుని, వేలు బ్రేకును నొక్కేలోపు అరసెకను ఇట్టే గడిచిపోతుంది. ముందు చక్రానికీ మనకూ మధ్య ఉన్నది మీటరు. అంటే మన కళ్లు మనల్ని కాపాడలేవు. ముందున్నవాడి కళ్లే కాపాడాలి. గుంపులో వినిపించే కేకలు అందుకే. బల్లార్‌పూర్, రాజురా వైపు తెలుగు ఇళ్లు ఎక్కువ. రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, వార్ధా నదే సరిహద్దు. ఆ మిశ్రమం గుంపు కేకల్లోనూ ఉంటుంది. ముందునుంచి ఒకరు మరాఠీలో ‘ఖడ్డా!’ అని అరుస్తారు, మధ్యలో ఒకరు ‘గుంత, ఎడమన, అన్నా!’ అని అందుకుంటారు, వెనకనుంచి ‘గాడీ ఆలీ!’ అని, అంటే బండి వచ్చిందని, హెచ్చరిక వస్తుంది. ఏ భాషలో అన్నది ముఖ్యం కాదు గానీ, మాట ఆఖరివాడిదాకా చేరాలి. మధ్యలో ఒక్కరు మింగేసినా ఆ వెనకవాళ్లకు రోడ్డు లేనట్టే.

చక్రాలు తగిలితే పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే. ఎందుకో అర్థం కావాలంటే సైకిలు అసలెలా నిలబడుతుందో తెలియాలి. తిరిగే చక్రాల గిరగిరే దాన్ని నిలబెడుతుందని బడిలో చాలామందికి చెప్పి ఉంటారు. 2011లో సైన్స్ పత్రికలో అచ్చైన ఒక పరిశోధన అది తప్పనిసరి కాదని తేల్చింది. చక్రాల గిరగిర ప్రభావాన్ని రద్దు చేసేలా, ముందుచక్రం రోడ్డును తాకే చోటు హ్యాండిల్ ఇరుసుకు కాస్త ముందుండేలా శాస్త్రజ్ఞులు ఒక చిన్న సైకిలు కట్టారు. మనిషి లేకుండానే అది నిలబడి పరుగెత్తింది. దాని ముందుభాగం బరువును ఎలా పంచారంటే, అది ఏ వైపు ఒరిగితే హ్యాండిల్ ఆ వైపే తిరిగేది. మామూలు సైకిలునూ ఈ పనే నిలబెడుతుంది. ఒరిగిన వైపుకు ముందుచక్రం తిరగాలి, తిరిగి బరువు కిందికి రావాలి. మన చేతులు తెలియకుండానే నిమిషానికి ఎన్నోసార్లు చేసే పని అది. మన ముందుచక్రం పక్కకు వెళ్లి ముందువాడి వెనకచక్రానికి ఆనుకుంటే, ఒరిగిన వైపుకు అది తిరగలేదు. ముందువాడికి తగిలింది వెనకచక్రం కాబట్టి అతని హ్యాండిల్ స్వేచ్ఛగానే ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు చక్రాన్ని చక్రం పక్కకు పోనివ్వరు. ఎదుటి టైరునే తదేకంగా చూడరు, ముందువాడి భుజం మీదుగా రోడ్డును చూస్తారు.

ఇప్పుడు వేళ సంగతి. తెల్లవారుజామే ఎందుకంటే వాహనాలు తక్కువని, ఎండ ఉండదని చెబుతారు. రెండూ నిజమే. మూడో కారణం గాలి కదలకపోవడం. పగలు ఎండకు నేల వేడెక్కి, కింది గాలి పైకి లేస్తుంది, పైన వేగంగా వీచే గాలి కిందికి దిగుతుంది. ఆ కలబోత వల్ల మధ్యాహ్నం నేల దగ్గర గాలి విసురు ఎక్కువ. రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదులుకుని చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, అడుగున పడుకుంటుంది. పైకి పోయేకొద్దీ చల్లగా ఉండాల్సింది, వెచ్చగా ఉంటుంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పైన వీచే గాలికీ కింద పడుకున్న గాలికీ సంబంధం తెగిపోతుంది. రోడ్డు మీద ఆకు కదలదు. జనవరిలో 12 డిగ్రీల దగ్గర గాలి, మే మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి కన్నా పదో వంతు ఎక్కువ బరువైనది, కాబట్టి నిరోధం కూడా అంతమేర ఎక్కువే. అయినా విసురు లేకపోవడం ఆ నష్టాన్ని మించిన లాభం.

చంద్రపూర్‌లో ఈ కదలని గాలికి మరో ముఖముంది. గొండ్వానా శిలల్లో కోట్ల ఏళ్ల కిందట పూడిన అడవులు ఇక్కడ బొగ్గయ్యాయి. ఆ బొగ్గు చుట్టూ డబ్ల్యూసీఎల్ (వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్) గనులు, ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టలు, 2,920 మెగావాట్ల సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం, సిమెంటు కర్మాగారాలు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు వెలిశాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక ప్రకటిస్తే చంద్రపూర్ 83.88తో నాలుగో స్థానంలో నిలిచింది. విలోమం అనే మూత కింద ఇళ్ల ముందు సిగ్డీల (బొగ్గు కుంపట్ల) పొగ, లారీలు లేపిన దుమ్ము రాత్రంతా పోగవుతాయి. తొక్కడాన్ని తేలిక చేసిన నిశ్చలతే ఊపిరికి బరువవుతోంది. రెండూ ఒకే భౌతికశాస్త్రం. ఒకటి కావాలంటే రెండోది వెంట వస్తుంది.

దీన్ని కళ్లతో చదవొచ్చు, అందుకు పరికరం అక్కర్లేదు. ఊరి బయట ఏ వైపునుంచైనా థర్మల్ చిమ్నీలు కనిపిస్తాయి. తెల్లవారగానే ఆ పొగ చూడండి. అది పైకి గానీ కిందికి గానీ విప్పుకోకుండా, పరిచిన పట్టీలా సన్నగా అడ్డంగా మైళ్ల దూరం సాగుతుంటే మూత గట్టిగా ఉందని అర్థం. ఆ పొగ మన తలపైనే ఉంది, ఇంకా కిందికి రాలేదు. ఎండెక్కి నేల వేడెక్కగానే మూత అడుగునుంచి కరగడం మొదలవుతుంది. కలబోత పైకి పాకి పొగ ఉన్న ఎత్తుకు చేరగానే, అంతసేపూ పైన నిలిచినది ఒక్కసారిగా నేలకు దిగుతుంది. వాతావరణ శాస్త్రంలో దీనికి ధూపనం అని పేరు. ఆ తర్వాత పొగ పైకీ కిందికీ మెలికలు తిరుగుతూ కనిపిస్తే కలబోత బాగా జరుగుతోందన్నమాట, దుమ్ము పలచబడుతుంది. థర్మల్ కేంద్రాల్లో వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉండే శీతల గోపురాల మీది తెల్లటి మేఘం మాత్రం నీటి ఆవిరి, దాన్ని చూసి భయపడక్కర్లేదు. సన్నటి చిమ్నీనే చూడాలి.

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఏడు లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా తొక్కేవాడు 50 లీటర్లు. గంటన్నర రైడులో పీల్చేది పదిగంటల పైచిలుకు కూర్చుని పీల్చినదానితో సమానం. అదీ నోటితో, ముక్కు వడపోత లేకుండా. పెద్ద ధూళి గొంతులోనే ఆగుతుంది. పీఎం 2.5 అనే సన్న నలుసులు ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోతాయి. మరి తొక్కడం మానేయాలా? 2016లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం వ్యాయామం వల్ల మేలునీ కాలుష్యం వల్ల కీడునీ పక్కపక్కన పెట్టి లెక్కగట్టింది. ఘనపు మీటరుకు 22 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉన్న సగటు నగరంలో ఎంతసేపు తొక్కినా మేలే ఎక్కువ. 100 మైక్రోగ్రాములున్న చోట రోజుకు గంటన్నర దాటితే కీడు మేలును మించుతుంది. మన దేశపు 24 గంటల పరిమితి 60. నా ఉద్దేశంలో చంద్రపూర్ గుంపులకు ఇది చాలా ఉపయోగపడే లెక్క. గాలి నిరోధాన్ని స్నేహితుడు మన బదులు మోయగలడు, ధూళిని మోయలేడు. అతని వెనక తొక్కేవాడికీ అదే ధూళి. కాబట్టి శీతాకాలంలో మూత గట్టిగా ఉన్న రోజుల్లో ఘుగ్గూస్ రోడ్డు వదిలేయడం, రైడును గంటకు కుదించడం, వేగం తగ్గించి ముక్కుతో పీల్చగలిగేలా తొక్కడం గుంపుగా తీసుకోవాల్సిన నిర్ణయాలు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు సైకిలు దారిలాంటిది ఇక్కడ ఉంటే లారీల గోలైనా తప్పేది.

మే నెలలో లెక్క తారుమారవుతుంది. ఇక్కడ 47 డిగ్రీలు కూడా నమోదయ్యాయి. మన ఒళ్లు తిన్నదాంట్లో పావు వంతు కూడా పెడల్‌కు చేర్చలేదు, మిగిలిందంతా వేడే. 150 వాట్లు పెడల్ మీద పెట్టేవాడి లోపల కనీసం 450 వాట్ల వేడి పుడుతుంది. అది వదిలించుకోవాలంటే గంటకు కనీసం 650 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. కారి కిందపడినది లెక్కలోకి రాదు కాబట్టి నిజంగా పోయేది ఇంకా ఎక్కువ. చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు వేడిని అది కూడా మోసుకుపోతుంది, దాటాక తిరిగి మనకే వేడినిస్తుంది. వేసవిలో ఆ గీత ఉదయం పదికి ముందే దాటిపోతుంది. గుంపు వెనక తొక్కేవాడు శ్రమ తక్కువైనా ఒంటికి తగిలే గాలి కూడా తక్కువని మరవకూడదు. మే నెలలో ఆఖరివాడి ముఖం ఎర్రబడితే గుంపు ఆగి అతన్ని నీడలో కూర్చోబెట్టాలి. జూలై వానల్లో గాలి ముందే తడిసి ఉంటుంది గనుక చెమట ఆరదు, అప్పుడు వేగం తగ్గించడం తప్ప దారిలేదు.

తాడోబా వైపు మోహర్లీ రోడ్డు గాలి అన్నింటికన్నా శుభ్రం. అందుకే అటు మనసు లాగుతుంది. 1955 నుంచి జాతీయ ఉద్యానంగా ఉన్న ఆ అడవి పులులు సరిహద్దు రాళ్లు చూసి ఆగవు. 2022లో ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్, సూపర్ థర్మల్ పరిసరాల్లోనే పులి, చిరుత దాడుల్లో మనుషులు చనిపోయారు. ఈ జంతువుల వేట ఎక్కువగా మునిచీకట్లోనూ, పొద్దు పొడిచే ముందూ సాగుతుంది. సరిగ్గా మనం బయల్దేరే వేళ. వంగి, చప్పుడు లేకుండా, ఒంటరిగా పోయే సైకిలు అడవి అంచున ఉండకూడని ఆకారం. అటు పోవాలనుకుంటే వెలుగు బాగా వచ్చాక, దీపాలతో, మాటలతో, దగ్గర దగ్గరగా పోవాలి.

ఇక రాజురా నుంచి తిరుగు ప్రయాణం. వెళ్లేటప్పుడు ఆకు కదలని రోడ్డు మీద, ఎనిమిది దాటాక మూత కరిగి గాలి లేస్తుంది. 20 కి.మీ. వేగంతో పోయేవాడికి ఎదురుగా 10 కి.మీ. గాలి వీస్తే చాలు, 60 వాట్ల పని 104 వాట్లవుతుంది. వేసవి గాలి పడమర, వాయవ్యం నుంచి వస్తుంది. ఉత్తరానికి తొక్కేవాళ్లకు ఎడమ ముందువైపు నుంచి తగులుతుంది. అలాంటప్పుడు ఆశ్రయం ముందువాడి సరిగ్గా వెనక కాకుండా కుడి వెనకకు జరుగుతుంది. ఐరోపా పందేల్లో రైడర్లు రోడ్డంతా ఏటవాలు వరసగా పరుచుకునేది దానికే. మన దగ్గర బండ్లు ఎడమన నడుస్తాయి గనుక ఆ కుడి వెనక చోటు లారీ చక్రాల దారిలో పడుతుంది. బల్లార్‌పూర్ రోడ్డు మీద ఆ ఆశ్రయాన్ని వదులుకోవాల్సిందే. ఒకే వరసలో, ఎడమ అంచున నిలబడి, ప్రతివాడూ దాదాపు పూర్తి గాలిని భరిస్తూ తొక్కాలి. పెద్ద ఒడ్డు ఉన్నవాళ్లు ముందు నిమిషం, నిమిషన్నర చొప్పున చిన్న చిన్న వంతులు తీసుకుంటూ, వేగాన్ని 22, 23కు దించుకుంటే, వార్ధా వంతెన నుంచి చంద్రపూర్ దాకా ఎవరూ వెనకబడకుండా రావచ్చు.